నలుబదియొక్క అడుగుల ఆకాశము

ఆదిలాబాదు జిల్లాలో బోథ్ పరిసరములయందు పుట్టి పెరిగినవారికి కుంటాల, పొచ్చెర జలపాతములు చిరపరిచితములు. కడెం వాగు రాతిమెట్ల మీదినుండి దుముకు కుంటాల యొద్ద ఎత్తు సుమారు 45 మీటర్లు, అనగా రమారమి 150 అడుగులు. వానలు వెలిసిన పిమ్మట పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటికి పోయిన ఉపాధ్యాయుడు వారిచేత తలలెత్తించి ఆ ధారను చూపించును. ఆ ఎత్తులో మూడవవంతునకైనను చేరలేని యొక గొట్టముల కట్ట, 1926వ సంవత్సరము మార్చి 16వ తేదీన, అమెరికాలోని ఆబర్న్ అను పల్లెలో మంచు కప్పిన పొలమునుండి లేచి, కాబేజీ మడిలో కూలినది. అది లేచిన ఎత్తు 41 అడుగులు. ఆకాశమున నిలిచిన కాలము రెండున్నర సెకనులు. చూచినవారు ముగ్గురు, చేసినవాడు ఒక్కడు. చంద్రమండలమునకు మనుష్యుడు పోయిన త్రోవలో మొదటి మైలురాయి ఆ కాబేజీ మడియే.

ఆ ఒక్కడు రాబర్ట్ హచింగ్స్ గొడార్డు. ఇతడు 1882వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రమందలి వూస్టర్ పట్టణమున జన్మించెను. తండ్రి నాహమ్, తల్లి ఫానీ. ఇతని తమ్ముడు పసితనముననే మరణించుటచే ఇంటికి ఇతడొక్కడే బిడ్డ. శరీరము దుర్బలము. జబ్బులవలన బడికి పోలేక తోటివారికంటె రెండేండ్లు వెనుకబడినాడు. కాని ఆ ఇంట దూరదర్శిని, సూక్ష్మదర్శిని, విజ్ఞాన పత్రికలు ఉండెను. బడికి పోలేని దినములలో బాలునికి ఇవియే బడి.

ఆ కాలమున అమెరికా పట్టణములకు విద్యుత్తు క్రొత్తగా వచ్చుచుండెను. తివాచీపై పాదములు రాచినచో నిప్పురవ్వ పుట్టునని తండ్రి ఒకనాడు చూపించగా, ఐదేండ్ల బాలునికి ఒక ఊహ పుట్టినది. బ్యాటరీలోని జింకు కడ్డీని చేతబట్టుకొని, కంకర బాటపై పాదములు రాచుచు, ఈ శక్తితో తాను మరికొంత ఎత్తునకు ఎగురగలనేమో అని గెంతి చూచెను. తల్లి చూచి, ఈ ప్రయోగము నిజముగా ఫలించినచో నీవు ఎగిరిపోయి తిరిగి రాలేవు సుమా అని హెచ్చరించినదట. బాలుడు కడ్డీని దాచిపెట్టెను. నిప్పురవ్వను, పైకి ఎగురుటను ఒకచోట చేర్చి తలచుట అతనికి అంత చిన్ననాడే కలిగినది.

పదునారేండ్ల ప్రాయమున వెల్స్ మహాశయుని నవల నొకదానిని చదివెను. అంగారక గ్రహవాసులు భూమిపైకి దండెత్తి వచ్చిన కథ అది. మరుసటి యేడు, 1899 అక్టోబరు 19న, ఇంటివెనుక చెర్రీ చెట్టుపై ఎండుకొమ్మలు నరుకుటకు ఎక్కినవాడు, కొమ్మలనడుమ కూర్చుండి, అంగారకునివరకు పోగల యంత్రము నొకదానిని ఊహించుకొనెను. చెట్టు దిగినవాడు ఎక్కినవాడు కాడని ఆయనయే తరువాత తలచుకొనుచుండెడివాడు. నాటినుండి ఏటేట ఆ తేదీని పండుగవలె మనసులో పాటించెను. ఆ చెట్టు 1938లో తుపానునకు కూలినది. ఊహ మాత్రము కూలలేదు.

1904లో ఉన్నత పాఠశాల చదువు ముగించి, వూస్టర్ పాలిటెక్నిక్ విద్యాలయమున చేరి 1908లో పట్టభద్రుడయ్యెను. అచ్చట చదువుచుండగా 1907లో భౌతికశాస్త్ర భవనపు నేలమాళిగలో తుపాకిమందు రాకెట్టు నొకదానిని కాల్చగా, పొగ పైకి క్రమ్మి భవనమంతయు వ్యాపించినది. అధ్యాపకులు అతనిని వెళ్లగొట్టలేదు. ఆ విద్యార్థిలో ఏమున్నదో తెలిసికొనుటకు ఆసక్తి చూపిరి. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారు ఈ చిన్న సంగతిని మరువరాదు. పిమ్మట క్లార్క్ విశ్వవిద్యాలయమున 1911లో డాక్టరు పట్టము పొంది, ప్రిన్స్‌టన్‌కు పరిశోధకుడుగా పోయెను. అచ్చట 1913లో క్షయరోగము పైబడినది. రెండు వారములకంటె బ్రదుకడని వైద్యులు చెప్పిరి. అతడు ముప్పది రెండేండ్లు బ్రదికెను. కోలుకొనుచున్న దినములలోనే తన ఊహలను కాగితముపై పెట్టి, 1914 జూలైలో రెండు పేటెంటులు సంపాదించెను. అంతస్తులుగా పేర్చిన రాకెట్టు మొదటి దానికి విషయము. ద్రవ ఇంధనముతో నడచు రాకెట్టు రెండవ దానికి విషయము. తరువాతి కాలమున నిర్మించిన మహా రాకెట్టులకు ఈ రెండు భావములే పునాదులు.

మన పిల్లలు దీపావళికి కాల్చు తారాజువ్వ సూత్రమే రాకెట్టు సూత్రము. లోపలి మందు కాలి వాయువులు వెనుకకు చిమ్ముకొనిపోవును; ఆ ప్రతిచర్యచే జువ్వ ముందునకు పోవును. కాని ఆనాటి మందు రాకెట్టులలో పుట్టిన వేడిలో నూటికి రెండు వంతులు మాత్రమే చలనశక్తిగా మారుచున్నవని గొడార్డు కొలిచి కనుగొనెను. దహనకోశమునకు, సన్నబడి మరల విచ్చుకొను మూతిగొట్టము నొకదానిని అమర్చగా ఈ భాగము నూటికి అరువదికి మించినది. గాలి లేనిచోట రాకెట్టు నడువదను వాదమును గూడ పరీక్షింపదలచి, గాలి తీసివేసిన గొట్టములో 1915 మొదలు పలుమారులు కాల్చి చూచెను. శూన్యములో త్రోపు తగ్గలేదు. రాకెట్టు వెనుకనున్న గాలిని తన్నుకొని పోవుట లేదు. తనలోనుండి వెడలు వాయువులనే తన్నుకొని పోవుచున్నది.

ఈ ఫలితములను చూచి స్మిత్‌సోనియన్ సంస్థవారు 1917లో ఐదువేల డాలర్లు మంజూరు చేసిరి. 1920 జనవరిలో ఆ సంస్థ గొడార్డు రచించిన చిన్న గ్రంథమును వెలువరించినది. పుటలన్నియు లెక్కలే. కాని చివర నొకచోట, తగినంత పెద్ద రాకెట్టును చంద్రునిపైకి పంపి, అచ్చట మెరుపుమందు మండించినచో ఇచ్చటినుండి దూరదర్శినిలో చూడవచ్చునని సూచించెను. పత్రికలకు ఆ ఒక్క సూచనయే చాలినది. జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయమున, శూన్యములో త్రోయుటకు ఏమియు లేనందున రాకెట్టు నడువదనియు, ఉన్నత పాఠశాల పిల్లలకు తెలిసిన సంగతి ఈ ఆచార్యునికి తెలియదనియు ఎగతాళి చేసిరి. ఐదేండ్ల క్రిందట తాను స్వయముగా పరీక్షించి చూచిన విషయమునందే తనకు పాఠశాల పాఠము చెప్పబడినది. గొడార్డు వాగ్వాదమునకు దిగలేదు. ముభావియై, తలుపులు మూసికొని పనిలో పడెను.

1921 మొదలు ఆయన తుపాకిమందును విడిచి ద్రవములను పట్టెను. పెట్రోలు ఇంధనము, దానిని కాల్చుటకు ద్రవరూపమున నుండు ఆమ్లజని, అనగా ఆక్సిజన్. పైనెచ్చటను గాలి లేదు గనుక రాకెట్టు తన గాలిని తానే మోసికొనిపోవలెను. ఆమ్లజని ద్రవముగా నిలువవలెనన్న సున్నకు క్రింద 183 డిగ్రీల చలి వలయును. ఆ రెండింటిని ఒక పిడికెడు కోశములో కలిపి అంటించినచో సుమారు 3,000 డిగ్రీల మంట లేచును. ఉక్కు అందులో సగము వేడికే కరగును. ఒక మూరెడు దూరములో ఆ చలి, ఈ వేడి ప్రక్కప్రక్కన నుండవలెను.

ద్రవమును మండించుట ఎంత కష్టమో మన పెద్దలు ఎరుగుదురు. పెండ్లి ఊరేగింపులలో వెలిగించు పెట్రోమాక్స్ దీపమునకు గాని, కిరసనాయిలు పంపు స్టవ్వునకు గాని, ముందుగా స్పిరిటు మంటతో గొట్టమును కాచి, ఆ తరువాతనే పంపు కొట్టవలెను. తొందరపడి ముందే కొట్టినచో నూనె ఆవిరికాక ద్రవముగానే చిమ్మి, ఒక్కసారి భగ్గుమని మంట ముఖము మీదికి వచ్చును. కారణమేమి? ద్రవము స్వయముగా మండదు; దాని ఆవిరి మండును. రాకెట్టులోను ఇదియే ధర్మము. ఇంధనమును సన్నని తుంపరలుగా చిమ్మవలెను; తుంపరలు ఆవిరి కావలెను; ఆవిరి ఆమ్లజనితో తగు పాళ్లలో కలియవలెను; కలిసినదానికి నిప్పు అంటవలెను. ఇదంతయు సెకనులో వేయింట కొన్ని భాగముల కాలమున జరిగిపోవలెను.

ఇందులో అన్నిటికంటె అపాయకరమైనది మొదటి క్షణము. నిప్పు ముందుండి ద్రవములు తరువాత వచ్చినచో, వచ్చినది వచ్చినట్లు కాలిపోవును. ద్రవములు ముందు వచ్చి నిప్పు ఆలస్యమైనచో, కాలవలసినదంతయు కోశములో పోగుపడి, ఆ పిమ్మట నిప్పు తగులగానే ఒక్కుమ్మడిగా ప్రేలును. వంట గ్యాసును విప్పిన తరువాత అగ్గిపెట్టె వెదకువారికి కలుగు ప్రమాదమే అది. కాని ఇచ్చట పొయ్యికి బదులు బాంబు ఉండును. నిప్పు బలహీనమైనదైనచో అతిశీతల ద్రవము తగిలి ఆరిపోవును. కనుక సరియైన బలముగల నిప్పు, సరియైన చోట, సరియైన క్షణమున ఉండవలెను. తరువాతి కాలపు రాకెట్టు విజ్ఞానమున జ్వలనమని పేరుపొందిన ఈ సమస్యను గొడార్డు తన చేతులతో, తన ప్రాణమును ఒడ్డి, ఒక్కొక్క మెట్టుగా నేర్చుకొనెను. 1923 నవంబరులో ద్రవ ఇంధన యంత్రమును మొదటిసారి పరీక్షించెను. 1925 డిసెంబరు 6న క్లార్క్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో బిగించియుంచిన యంత్రము 27 సెకనులు మండి, తన బరువును తానే ఎత్తగలిగెను.

ఇక ఆ మార్చి 16. ఆబర్న్‌లో గొడార్డునకు దూరపు బంధువైన ఎఫీ వార్డు పొలము. చుట్టును మంచు. ఆచార్యుడు, ఆయనను 1924లో వివాహమాడిన ఎస్తర్, సహాయకుడు హెన్రీ సాక్స్, సహాధ్యాపకుడు పెర్సీ రూప్: వీరు నలుగురే అచ్చట నున్నవారు. రాకెట్టు సుమారు పదియడుగుల పొడవు. యంత్రము పైన, తొట్లు క్రింద. యంత్రము ముందుండి లాగినచో త్రోవ తప్పదని ఆయన ఆనాడు తలచెను. అది పొరపాటని తరువాత తానే గ్రహించి సవరించుకొనెను. అంటించు ఏర్పాటు నేటి విద్యార్థికి నవ్వు పుట్టించును. కోశముపైన నొక చిన్న గొట్టములో తుపాకిమందు, అగ్గిపుల్లల తలలు దట్టించిరి. సాక్స్ ఒక కఱ్ఱకు కట్టిన బ్లోలాంపు మంటతో దానిని అంటించి, క్రింద నొక చిన్న స్పిరిటు పొయ్యిని వెలిగించెను. ఆ వేడిచే ఆమ్లజని కొంత ఆవిరియై, ద్రవములను కోశములోనికి నెట్టుటకు వలయు ఒత్తిడి పుట్టును.

యంత్రము గర్జించినది; కాని రాకెట్టు వెంటనే కదలలేదు. త్రోపు బరువును మించువరకు అది నిలిచిన చోటనే నిలిచి మండినది. పిమ్మట లేచి, 41 అడుగులు ఎక్కి, ప్రక్కకు వాలి, 184 అడుగుల దూరమున పడినది. మూతిగొట్టపు క్రింది భాగము మంటకు కాలి పోయియుండెను. ఎస్తర్ చేతిలోని కెమెరా ఏడు సెకనులకొకసారి కీ ఇయ్యవలసినది; రాకెట్టు లేచునప్పటికి కీ అయిపోయినది. కనుక లోకచరిత్రలో మొదటి ద్రవ ఇంధన రాకెట్టు ఎగురుటకు చలనచిత్రము లేదు. ఎగురకముందు దాని ప్రక్కన బరువైన కోటు తొడిగి నిలిచిన ఆచార్యుని ఛాయాచిత్రము మాత్రము మిగిలినది.

ఆయన ఆ దినపు వార్తను లోకమునకు చాటలేదు. 1929 జూలై 17న అదే పొలమునుండి వాయుభార మాపకమును, ఉష్ణమాపకమును, చిన్న కెమెరాను మోసికొని మరియొక రాకెట్టు లేచినపుడు, ఆ ధ్వనికి విమానము కూలినదని తలచి జనులు పరుగెత్తి వచ్చిరి. చంద్రునికి గురిపెట్టిన రాకెట్టు గురి తప్పినదని పత్రికలు మరల పరిహసించినవి. అధికారులు ఆ ప్రాంతమున ప్రయోగములను నిషేధించిరి. కాని ఈ అల్లరియే ఒక మేలు చేసినది. అట్లాంటిక్ సముద్రమును ఒంటరిగా దాటిన వైమానికుడు చార్లెస్ లిండ్‌బర్గ్ ఈ వార్త చదివి, నవంబరులో గొడార్డును చూడవచ్చి, దాతయైన డేనియల్ గుగ్గెన్‌హైముచే ధనసహాయము చేయించెను.

1930లో గొడార్డు దంపతులు న్యూమెక్సికోలోని రోస్‌వెల్ ఎడారి ప్రాంతమునకు కాపురము మార్చిరి. వాన తక్కువ, ఇండ్లు తక్కువ, ప్రశ్నలడుగువారు తక్కువ. దూరమున కట్టిన పాకలో కూర్చుండి, మీటలు నొక్కి రాకెట్టును నడపు పద్ధతి అచ్చట స్థిరపడినది. కఱ్ఱకు కట్టిన మంటతో దగ్గరకు పోవలసిన పని తప్పినది. దహనకోశము కరగిపోకుండ, పెట్రోలులో కొంత భాగమును గోడల లోపలి అంచునకు తెరవలె చిమ్మించి చల్లార్చు ఉపాయమును కనిపెట్టెను. గిరగిర తిరుగు గైరోస్కోపుచే రాకెట్టును నిలువుగా నిలుపుటయు, వెడలు మంటలోనే రెక్కలుంచి దారి మరల్చుటయు సాధించెను. 1935 మార్చిలో ఒక రాకెట్టు 4,800 అడుగులు ఎక్కినది. 1937 మార్చిలో మరియొకటి ఎనిమిది వేల అడుగులను మించినది. దినచర్యలో ఆయన వైఫల్యములను దాచలేదు. అంటుకొననివి, అంటుకొని ప్రేలినవి, కోశము కాలినవి, గోపురము విడువనివి అన్నియు తేదీలతో వ్రాసియుంచెను. వైఫల్యమునకు కారణము దొరికినచో ఆ దినము వృథా కాలేదని ఆయన లెక్క.

జీవితచరిత్ర వ్రాయువాడు గుణములనే గాక లోపమును గూడ చెప్పవలెను. 1920నాటి పరిహాసము గొడార్డు మనసున లోతుగా నాటుకొన్నది. తన పద్ధతులను ఆయన ఇతర పరిశోధకులకు చెప్పుటకు ఇష్టపడలేదు. పెద్ద బృందముతో కలిసి పనిచేయ నొప్పుకొనలేదు. కొలదిమంది సహాయకులతో, భార్యతో అంతయు తానే చేయవలెననెను. అదే కాలమున జర్మనీలో ప్రభుత్వ ధనముతో వేలమంది పనిచేసి, 1942 అక్టోబరులో తమ రాకెట్టును ఎనుబది కిలోమీటర్లకు పైగా ఎక్కించిరి; ఆ తరువాత దానిని నగరములపై మారణాయుధముగా ప్రయోగించిరి. గొడార్డు తన రాకెట్టులతో చేరిన ఎత్తు మూడు కిలోమీటర్లకు లోపే. విద్య పంచుకొననిచో వికసింపదనుటకు ఇది నిదర్శనము. అయితే ఆయనను అట్లు మూసికొనునట్లు చేసినవారి నవ్వునకు అందులో భాగము లేదనలేము. తరగతిలో ఒక బాలుని వింతప్రశ్న విని అందరును నవ్వునపుడు, ఆ నవ్వు ఎంతకాలము నిలుచునో నవ్వినవారు ఎరుగరు.

యుద్ధకాలమున, 1942 మొదలు, ఆయన నౌకాదళమునకై బరువైన విమానములు త్వరగా లేచుటకు తోడ్పడు ద్రవ రాకెట్టులను రూపొందించెను. గొంతులో పుండు లేచినది. 1913లో పైబడిన క్షయరోగము ఊపిరితిత్తులను ఇంతకుముందే చెరచియుండెను. 1945 ఆగస్టు 10న బాల్టిమోరులో కన్నుమూసెను. అప్పటికి అరువదిమూడేండ్లైనను నిండలేదు. భర్త పోయిన పిమ్మట ఎస్తర్ ఆయన చిత్తుప్రతులను పరిష్కరించి 131 పేటెంటులను సాధించినది, మొత్తము 214. 1960లో అమెరికా ప్రభుత్వము ఆ పేటెంటుల వినియోగమునకై పదిలక్షల డాలర్లు చెల్లించినది. 1959లో నెలకొల్పిన అంతరిక్ష పరిశోధన కేంద్రమొకదానికి ఆయన పేరు పెట్టిరి.

1969 జూలై 16న ముగ్గురు మనుష్యులు చంద్రునికి బయలుదేరిరి. వారి రాకెట్టు మూడవ అంతస్తులో ద్రవ ఉదజని, ద్రవ ఆమ్లజనులతో నడచు యంత్రము ఉండెను. అది ఒకసారి మండి ఆరి, వారు భూమిచుట్టు తిరుగుచుండగా, శూన్యములోనే రెండవసారి వెలిగి వారిని చంద్రునివైపు త్రోసినది. వెలిగించినది అగ్గిపుల్ల కాదు; విద్యుత్తు పుట్టించిన నిప్పురవ్వ. రవ్వ ముందుగా ఒక చిన్న మంటను పుట్టించును. ఆ మంట పెద్ద కోశమును అంటించును. గొడార్డు అగ్గిపుల్లల తలలతో చేసిన పనియే అది. మరునాడు, జూలై 17న, న్యూయార్క్ టైమ్స్ తాను 49 ఏండ్ల క్రిందట వ్రాసినది తప్పని దిద్దుకొన్నది. దిద్దుబాటు చదువుటకు ఆచార్యుడు లేడు, ఎస్తర్ ఉండెను.

ఈ విద్య మన తెలుగునేలకును దూరము కాదు. శ్రీహరికోటనుండి లేచు రాకెట్టులలో కొన్ని అంతస్తులయందు రెండు ద్రవములు ఒకదానినొకటి తాకినంతనే తమంతట తామే మండును. వానికి నిప్పురవ్వ అక్కరలేదు. అతిశీతల ద్రవములకు మాత్రము నిప్పు పెట్టక తప్పదు. 2010 ఏప్రిల్ 15న మన దేశమున తయారైన అట్టి యంత్రముతో జీఎస్ఎల్‌వీ రాకెట్టు మొదటిసారి లేచినది. యంత్రము అంటుకొన్నది, కాని ఇంధనమును నెట్టు సహాయక పంపు ఆగిపోవుటచే మంట నిలువలేదు. రాకెట్టు సముద్రము పాలైనది. మన శాస్త్రజ్ఞులు కారణమును వెదకి, దోషమును సవరించి, 2014 జనవరి 5న అదే శ్రీహరికోటనుండి జయము పొందిరి. వెలిగించుట యొక విద్య. వెలిగినదానిని నిలుపుట మరియొక విద్య. ఈ రెండును ఆబర్న్ పొలములో మొదట పరీక్షకు నిలిచినవే.

బోథ్ బడిలో చదువు పిల్లవాడు మరల కుంటాలకు పోయినపుడు, జలపాతపు అడుగుననుండి పైకి చూచి, 41 అడుగులు ఎంతవరకు వచ్చునో కంటితో కొలిచి చూడవలెను. రాతిగోడలో మూడవవంతుకైనను అందదు. అంత కొంచెము ఎత్తునకై ఒక మనుష్యుడు, వైద్యులు ఆశ వదలిన దేహముతో, చెర్రీ చెట్టు దిగిన నాటినుండి ఇరువదియారేండ్లు పాటుపడెను. అది కొంచెమని నవ్వవలెనో, నిలిచి చూడవలెనో పిల్లవానికి చెప్పవలసినవాడు ప్రక్కన నిలిచిన ఉపాధ్యాయుడు.